మా మావయ్య ఫిర్యాదులు, పిట్టలావిడ ప్రయాణం

మా మావయ్యకి తోచకపోతే ఫిర్యాదు చేస్తాడు. తోచినా చేస్తాడు. తోచడానికీ తోచకపోవడానికీ మధ్య కాస్త ఖాళీ దొరికితే, ఆ ఖాళీ ఎందుకొచ్చిందని ఫిర్యాదు చేస్తాడు.

ముప్ఫైమూడేళ్ళు ఆయన పురపాలక ఆఫీసులో కాగితాలు అందుకునే గుమాస్తా. ఊళ్ళోవాళ్ళు తెచ్చే ప్రతి అర్జీ ముందు ఆయన చేతిలో పడేది. దానిమీద గుండ్రటి ముద్ర గుద్ది, అంకె వేసి, ఏ బల్లకి పంపాలో ఆ బల్లకి పంపేవాడు. అన్నేళ్ళు జనం కష్టాలమీద ముద్రలు గుద్దిన చెయ్యి ఊరికే ఉంటుందా? రిటైరైన మర్నాడే బల్లకి అవతలివైపు వచ్చి నిలబడ్డాడు. అత్తయ్య పోయాక మా ఇంట్లోనే ఉంటున్నాడు కాబట్టి, ఆ వైభవమంతా దగ్గర్నుంచి చూసే అదృష్టం నాకూ మా ఆవిడకీ దక్కింది.

వీధిదీపం వెలగడం లేదని ఫిర్యాదు చేశాడు. వచ్చి బాగుచేశారు. మరీ వెలుగుతోందని ఫిర్యాదు చేశాడు. దానికో రేకు తొడుగు పెట్టారు. తొడుగు పెట్టిన మనిషి నిచ్చెనని కింద ఎవరూ పట్టుకోలేదనీ, పడితే వాడి పెళ్ళాం పిల్లలకి ఎవరు జవాబు చెబుతారనీ మూడోది. ఆస్పత్రిలో కుర్చీలు మరీ మెత్తగా ఉన్నాయట. కూర్చున్నవాడు నిద్రపోయి, పేరు పిలిస్తే వినపడక, వరస తప్పిపోతున్నాడట. అదీ ఫిర్యాదే. ఒకసారి నేను ఉండబట్టలేక, "మావయ్యా, ఈ లోకంలో సరిగ్గా ఉన్నది ఒక్కటైనా ఉందా?" అన్నాను.

"ఉంటే నాకెందుకు చెప్పలేదురా ఇన్నాళ్ళూ?" అన్నాడు.

ఆయన ఫోనులో ఫిర్యాదు చేసే పద్ధతి ఒకటుంది. హాల్లో నిలబడి మొదలుపెడతాడు. మొదటి సగం, అంటే తప్పేమిటో చెప్పే సగం, నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది. రెండో సగం, అంటే ఏం చెయ్యాలో చెప్పే సగం వచ్చేసరికి తన గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని, గొంతు తగ్గించేస్తాడు. ఎందుకని అడిగితే, "తప్పు నలుగురికీ తెలియాలిరా. చెయ్యాల్సింది, చేసేవాడికి తెలిస్తే చాలు" అన్నాడు. ముసలాయన చాదస్తమని నవ్వి ఊరుకున్నాను. ఊరుకోకుండా ఆ తలుపుకి ఒక్కసారి చెవి ఆనించి ఉంటే, ఇప్పుడు మీకు చెప్పబోయే సంగతుల్లో నా మొహం ఇంకాస్త శుభ్రంగా ఉండేది.

మా ఎదురింటి మేడమీద గదిలోకి ఒక విదేశీ ఆవిడ అద్దెకి దిగింది. అరవై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేది. మెడలో దుర్భిణి, చేతిలో బొమ్మలు గీసుకునే పుస్తకం. ఊరి చివర చెరువుకి శీతాకాలంలో వలస పిట్టలు వస్తాయి. వాటిని చూడ్డానికి అంత దూరం నుంచి వచ్చింది. వీధి ఆవిడకి పిట్టలావిడ అని పేరు పెట్టింది. మన భాష నాలుగు ముక్కలు నేర్చుకుని, ఎవరు కనిపించినా ఆ నాలుగూ అప్పజెప్పేది.

నాది కళ్ళజోళ్ళ దుకాణం. ఇంటి ముందుగదే దుకాణం. వచ్చిన వారంలోనే ఆవిడ కళ్ళజోడు మర వదులైందని నా దగ్గరికి వచ్చింది. బిగిస్తున్నంతసేపూ పుస్తకం తిప్పుతూ పిట్టల బొమ్మలు చూపించింది. మధ్యలో ఒక పేజీలో మనిషి బొమ్మ ఉంది, మంచంమీద కూర్చున్న ముసలావిడ. "అక్క" అంది. కాళ్ళు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. అక్క మంచం దిగలేదనీ, పక్కింటివాళ్ళకి అప్పజెప్పి మూడు వారాలకని వచ్చాననీ సైగలతో చెప్పింది. ఇది నాకు తెలుసు. సరిగ్గా తెలుసు. తరవాత తెలియనట్టు ఉండటానికి నేను చాలా కష్టపడాల్సి వచ్చింది.

అప్పుడే కరోనా వచ్చిపడింది. విమానాలు ఆగిపోయాయి. పిట్టలు వాటి దారిన అవి వెళ్ళిపోయాయి, ఆవిడ ఉండిపోయింది.

పది రోజుల ముందు ఆవిడతో ఫొటో దిగడానికి వరస కట్టిన వీధి ఇది. ఇప్పుడు ఆవిడ మేడమెట్లు దిగుతుంటే కిటికీలు టపటపా మూసుకునేవి. రోగం విదేశం నుంచి వచ్చింది, ఆవిడా విదేశం నుంచే వచ్చింది. ఇద్దరూ ఒకే విమానంలో పక్కపక్కన కూర్చుని వచ్చినట్టు మాట్లాడుకున్నాం. ఆవిడ ఈ గొడవ మొదలవడానికి చాలా ముందే వచ్చిందని లెక్క చెప్పినవాళ్ళు ఒక్కళ్ళే, మా ఆవిడ. "నోర్ముయ్యి, నీకేం తెలుసు" అన్నాను. రోగానికి మందు ఉందో లేదో కానీ, భయానికి మటుకు లెక్కలతో పని లేదు.

ఒకరోజు పొద్దున్న ఆవిడ దుకాణం దగ్గరికి వచ్చింది. కళ్ళజోడు కాడ విరిగిపోయి, దారంతో చెవికి కట్టుకుంది. నేను షట్టరు సగం దించుకుని లోపల కూర్చుని ఉన్నాను. నా మోకాళ్ళు ఆవిడకి కనిపిస్తూనే ఉన్నాయి.

"దుకాణం లేదు" అన్నాను.

ఆవిడ వంగి నా మోకాళ్ళని చూసింది. "అవును. లేదు" అని మర్యాదగా తలూపి వెళ్ళిపోయింది. అరిచినా బాగుండేది.

ఆ సాయంత్రమే హాల్లోంచి మావయ్య గొంతు లేచింది. "ఏమండీ, మా వీధిలో ఏం జరుగుతోందో మీకు తెలుస్తోందా? ఆ విదేశీ ఆవిడ కళ్ళజోడు లేకుండా తిరుగుతోంది! మనిషికీ స్తంభానికీ తేడా తెలియడం లేదు! ఇంక ఆరడుగుల దూరం ఎక్కడ పాటిస్తుందండీ, మీ తలకాయ!" తరవాత గది తలుపు దగ్గరగా పడింది.

భేష్ మావయ్యా, అనుకున్నాను. మర్నాడు ఆఫీసు నుంచి నాకు ఫోను. అత్యవసర సేవల కింద నా దుకాణం తెరిచి, ఫలానా ఇంట్లో ఉన్న విదేశీయురాలి కళ్ళజోడు సాయంత్రంలోగా బాగుచెయ్యాలట. నేను రెండు జతల చేతితొడుగులు వేసుకుని, కళ్ళజోడుని పట్టకారుతో అందుకుని, మందునీళ్ళలో మూడుసార్లు ముంచి బాగుచేసి, కర్ర చివర తగిలించి ఆవిడకి అందించాను. ఇంటికొచ్చి మావయ్యమీద పడ్డాను.

"ఆవిణ్ణి తిరగనివ్వద్దని నువ్వు చెబితే, వీళ్ళు ఆవిడకి కళ్ళజోడు పెట్టిస్తున్నారేంటి?"

"అదేరా ఈ ఆఫీసుల తీరు!" అని మావయ్య నాకంటే ఎక్కువ మండిపడ్డాడు. "చెప్పేదొకటి, చేసేదొకటి! దీనిమీద కూడా ఫిర్యాదు చేస్తాను."

చేశాడు కూడా. రెండు నెలలపాటు రోజు మార్చి రోజు ఆవిడమీద ఒకటి. "మందుల కొట్టు దగ్గర నిలబడుతోంది, అక్కడ పదిమంది చేరుతున్నారు!" అని కేకలేశాడు. మర్నాటి నుంచి ఆవిడ రక్తపోటు మాత్రలు గుమ్మంలోకి రావడం మొదలైంది. "ఆవిడకి రోగం ఉందో లేదో ఎవడికి తెలుసు?" అని గర్జించాడు. డాక్టరమ్మ వచ్చి పరీక్ష చేసి, రోగం లేదని కాగితం రాసి గేటుకి అంటించింది. "ఖాళీ సంచి ఊపుకుంటూ బజారంతా తిరుగుతోంది!" అన్నాడు. కూరగాయల బండి ఆవిడ మెట్ల దగ్గరే ఆగడం మొదలుపెట్టింది. మావయ్య తిట్టే కొద్దీ ఆవిడకి సౌకర్యం పెరుగుతోంది. నేను మాత్రం ఆఫీసువాళ్ళకి మతిపోయిందనుకున్నాను. ఒక మనిషి ఇన్నిసార్లు వరసగా గురి తప్పుతున్నాడంటే, అసలు గురి వేరే చోట ఉందేమోనని నాబోటి తెలివైనవాడికి తట్టలేదు.

పైగా ఆయన కేకలు విని వీధికి ధైర్యం వచ్చింది. పెద్దాయనే అంటున్నాడు కదా, మనం అంటే తప్పేంటి అని. నాకు వచ్చిన ధైర్యం మరీ ఎక్కువ. అర్జీ రాసింది నేనే.

దాన్ని ఇంకొకరిమీదికి నెట్టే అవకాశం ఉంటే నెట్టేవాణ్ణే, కానీ లేదు. నల్ల సిరాతో, నా చేత్తో, దుకాణం బల్లమీద కూర్చుని రాశాను. "మా వీధిలో నివసిస్తున్న విదేశీయురాలి వలన మా ప్రాణాలకు ముప్పు ఉన్నది. కావున ఆమెను తక్షణమే ఇక్కడి నుండి ఎక్కడికైనా తరలించవలసినదిగా కోరుతున్నాము." మొదటి సంతకం నాది. మా ఆవిడ ముందు పెట్టాను.

"నేను పెట్టను" అంది.

"ఎందుకు?"

"ఎక్కడికైనా అంటే ఎక్కడికండీ?"

"ఎక్కడికైనా!"

"అదే, ఎక్కడికి?"

విచిత్రమేమిటంటే, మావయ్యకి చూపిస్తే ఆయనా సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు. "ఎక్కడికైనా అంటే ఎక్కడికిరా? ఇలాంటి కాగితం ఆఫీసులో ఒక్కపూట నిలబడదు. పక్క వీధికి మార్చి చేతులు దులిపేసుకుంటారు. తీసెయ్ ఆ ముక్క. 'ఆమె స్వదేశానికి, మొదటి విమానంలో' అని రాయి."

అబ్బ, మావయ్య కసి అంటే ఇదీ, అనుకున్నాను. వీధి దాటిస్తే చాలనుకున్నాను నేను. ఆయన దేశమే దాటించేస్తున్నాడు. సంతోషంగా మళ్ళీ రాశాను.

"ఎంతమంది పెట్టారు?" అన్నాడు.

"పందొమ్మిదిమంది."

"పాతిక దాటించు. పాతిక దాటితే పెద్ద అధికారి స్వయంగా చూసి తీరాలి. చెత్త కాగితం రాయడం కాదు, రూలు తెలియాలి."

ఇల్లిల్లూ తిరిగాను. మూతికి గుడ్డ కట్టుకుని, ఆరడుగుల దూరంలో నిలబడి, ఎంతో జాగ్రత్తగా, ఎంతో శ్రద్ధగా ఒక ముసలిమనిషిని వీధిలోంచి తరమడానికి సంతకాలు పోగుచేశాను. ముప్ఫై ఒకటి అయ్యాయి. మావయ్య తన దగ్గరున్న కవరులో పెట్టుకుని, తనే పట్టుకెళ్ళి ఇచ్చొచ్చాడు. ఆయన మాత్రం సంతకం చెయ్యలేదు. అడిగితే, "నాది విడిగా ఉందిలే" అన్నాడు.

ఆరో రోజున వ్యాను వచ్చింది. ఆవిడ దేశంవాళ్ళని తీసుకెళ్ళడానికి ప్రత్యేక విమానం వేశారట. వందలమంది కాచుకుని ఉన్నారట. ఆ జాబితాలో ఆవిడ పేరు పైకి వచ్చిందట.

పొద్దున్న తొమ్మిదింటికి ఆవిడ పెట్టె పట్టుకుని కిందికి దిగింది. వీధి వీధంతా కర్టెన్ల వెనక ఉంది. బయట ఉన్నది మావయ్య ఒక్కడే. మా అరుగుమీద నిలబడి వ్యాను డ్రైవరుని దులిపేస్తున్నాడు. "ఇటు తిప్పి పెట్టావేంటయ్యా? వెనక్కి తీసేటప్పుడు ఎవరికైనా తగిలితే? ఆ తలుపు గడియ చూసుకున్నావా? పెట్టె అలా నిలబెడితే దారిలో ఆవిడ కాళ్ళమీద పడదూ?"

ఆవిడ ఆయన్ని చూసి నవ్వింది. నాకు అర్థం కాలేదు. తనని అన్నాళ్ళు సాధించిన మనిషిని చూసి ఎవరైనా అలా నవ్వుతారా? తరవాత తలెత్తి వీధంతా ఒకసారి చూసి, మూసిన కిటికీలకే చెయ్యి ఊపింది. మా కిటికీ వైపు కూడా ఊపింది. నేను కర్టెను వెనక ఉన్నాను. చెయ్యి పైకెత్తడం ఎంత పని? ఎత్తలేదు. ఒక అడుగు వెనక్కి వేశాను. మా ఆవిడ నా పక్కనుంచి వెళ్ళి కిటికీ తలుపు బార్లా తీసి చెయ్యి ఊపింది. అప్పటికే వ్యాను మలుపు తిరిగింది.

వారం గడిచింది. మావయ్య స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన ఫోను మోగితే నేను తీశాను.

"పెద్దాయన బాగున్నారా అండీ?" ఆడగొంతు. "నేను ఫిర్యాదుల విభాగం నుంచి మాట్లాడుతున్నాను. వారం నుంచి ఆయన దగ్గర్నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు. ఒంట్లో ఎలా ఉందోనని మా సెక్షనంతా కంగారుపడుతున్నాం."

"బాగానే ఉన్నాడండీ. ఆ విదేశీ ఆవిడ వెళ్ళిపోయింది కదా, తిట్టడానికి ఎవరూ లేరు" అన్నాను.

"తిట్టడమా?" ఆవిడ ఆశ్చర్యపోయింది. "ఆవిడకి అంత చేసింది ఆయనే కదండీ! ఉండండి, రిజిస్టరు ఇక్కడే ఉంది." చదవడం మొదలుపెట్టింది. "'కళ్ళజోడు లేకుండా తిరుగుతున్నది. కోరిన చర్య: ఎదురుగా ఉన్న మా మేనల్లుడి దుకాణం తెరిపించి, సాయంత్రంలోగా బాగుచేయించవలెను. అతడు మంచివాడే, పైనుంచి చెబితే చేస్తాడు.' 'మందుల కొట్టు దగ్గర నిలబడుతున్నది. కోరిన చర్య: మాత్రలు ఇంటికే పంపవలెను, గురువారానికి అయిపోతాయి.' ఇదిగో, విమానం జాబితా గురించి పదకొండు ఉన్నాయి. 'ఇంట్లో మంచం దిగలేని అక్క ఉన్నది. ఈమె ఇక్కడ ఇంకొక్కరోజు ఉన్నా మా వీధికి సహించరాని ఇబ్బంది.' ఆ పదకొండింటికీ పైవాళ్ళు కదల్లేదండీ. ముప్ఫై ఒక్క సంతకాలతో వీధి అర్జీ వచ్చాకే కదిలారు. వీధివాళ్ళు కూడా భలే సాయం చేశారు సార్!"

'అతడు మంచివాడే' అన్న ముక్క దగ్గరే నేను ఆగిపోయాను. ఆ తరవాత ఆవిడ చదివినవి సగమే చెవికెక్కాయి.

మావయ్య తల తుడుచుకుంటూ వచ్చాడు. నా మొహం చూసి, ఫోను చూసి, తువ్వాలు దండెంమీద వేశాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఏమని చెప్పను? సాయం చెయ్యండి మహాప్రభో అని రాసిన అర్జీలు ముప్ఫైమూడేళ్ళు చూశానురా. నేనే ముద్ర గుద్ది పంపేవాణ్ణి. బల్లమీద అడుగున పడేవి. పసుప్పచ్చబడేవి. ఎలకలు తినేవి. అదే ఫిర్యాదైతే నాలుగు రోజుల్లో జవాబివ్వాలి, లేకపోతే ఎవడి ఉద్యోగానికో ముప్పు. అందుకని సాయం కావాలంటే తిట్టాలి. వేరే దారి నాకు తెలీదు."

"ఆవిడకి తెలుసా?"

"రెండోరోజుకే పసిగట్టింది. పిట్టల్ని కనిపెట్టే మనిషి కదా! తరవాత తనే గోడమీంచి చీటీలు వేసేది, మర్నాడు దేనిమీద ఫిర్యాదు చెయ్యాలో. బొమ్మలేసి మరీ." ఇన్నాళ్ళ తరవాత మావయ్య మొహం విప్పారింది. "ఒకసారి నేనే మర్చిపోతే, గేటు కొట్టి అడిగింది. ఇవాళ నామీద ఏమీ లేదా అని."

నాకు నవ్వొచ్చింది. దాని వెనకే ఒక ఆశ కూడా వచ్చింది, సిగ్గులేని ఆశ. "అయితే మావయ్యా, నేను రాసిన అర్జీవల్లే ఆవిడ ఇంటికి చేరిందన్నమాట. నేను కూడా మంచే చేశాను కదా?"

మావయ్య కుర్చీలో కూర్చున్నాడు. గొంతు హెచ్చించలేదు. ఆయన మెల్లిగా మాట్లాడితేనే భయమేస్తుంది.

"లేదురా. నువ్వు చేసింది చెడ్డపనే. నేను దాన్ని వాడుకున్నాను, అంతే."



ఆ సాయంత్రం మావయ్యే ఒక నంబరు కాగితంమీద రాసి నా ముందు పెట్టాడు. నాలుగుసార్లు చేతిలోకి తీసుకుని నాలుగుసార్లు కింద పెట్టాను. అయిదోసారి మా ఆవిడ లాక్కుని నంబరు కొట్టి నా చెవికి పెట్టింది.

పిట్టలావిడే తీసింది. నేనెవరో చెప్పాను. ఇప్పుడు ఆవిడకి మన భాష బాగానే వచ్చు. కాకపోతే రెండున్నర నెలలు మావయ్య దగ్గరే నేర్చుకుంది.

"క్షేమముగా చేరితిని. ఎటువంటి అభ్యంతరమూ లేదు" అంది.

"అర్జీ నేనే రాశానండీ" అన్నాను. ఎంత కూడబలుక్కున్నా అదే బయటికి వచ్చింది. "దుకాణం లేదన్నాను. ఉంది. కిటికీలోంచి చెయ్యి కూడా ఊపలేదు. అక్కడే ఉన్నాను. తప్పయిపోయింది."

పోనీలెండి అంటుందని ఎదురుచూశాను. మన భాషలో ఆ ముక్క ఆవిడకి వచ్చు, నేను విన్నాను.

"తెలుసు" అంది. ఆపైన, "మీ దరఖాస్తు పరిశీలనలో ఉన్నది" అంది. నవ్వుతోందో లేదో తెలియలేదు. సగం నవ్వుతోందనుకుంటాను.

ఇంతలో ఆవిడ వెనకనుంచి ఎవరో కేకలెయ్యడం మొదలుపెట్టారు. వాళ్ళ భాషలో, నాలుగిళ్ళ అవతలికి వినిపించేలా.

"ఎవరండీ అది?"

"మా అక్క" అంది పిట్టలావిడ. "తలగడ ఎత్తుగా ఉందట. టీ చల్లారిందట. నేను చిక్కిపోయానట, ఆ దేశంవాళ్ళు నాకేం పెట్టలేదా అని తిడుతోంది. పుట్టినప్పటి నుంచీ ఇంతే. అందుకే మీ మావయ్యని చూడగానే, ఇంట్లోనే ఉన్నట్టు అనిపించింది."

నేను ఈ సంగతి చెప్పీ చెప్పకముందే మావయ్య ఫోను లాగేసుకున్నాడు. "ఏమమ్మా, తలగడ ఎవరు కుట్టారు? దూది ఒకవైపుకే చేరి ఉంటుంది, చూడండి! టీ గిన్నెలకి మూతలుండవా మీ దేశంలో?" అన్నాడు. అటునుంచి అక్కగారి గొంతు అంతకంటే పెద్దగా అందుకుంది. ఈయన మాట ఆవిడకి తెలియదు, ఆవిడ మాట ఈయనకి తెలియదు. ఇద్దరూ ఒకరి తరవాత ఒకరు, ఎంతో తృప్తిగా, ముప్పావుగంట సేపు లోకంమీద ఫిర్యాదులు చెప్పుకున్నారు.

పిట్టలావిడతో చెప్పాల్సింది నా దగ్గర ఇంకా చాలా ఉంది. మావయ్య పక్కనే నిలబడి, ఫోను నాకిస్తాడేమోనని చివరిదాకా చూశాను. ఇవ్వలేదు.